స్కార్బరో కోట: గోడయు, మాటయు

తరగతిలో మధ్యయుగపు కోటలనుగూర్చి మేము పాఠము చెప్పుచుండగా ఒకనాడు ఒక బాలిక లేచి, "మాస్టరుగారూ, కోట కట్టించిన రాజు పేరు చెప్పినారు, కట్టిన సంవత్సరము చెప్పినారు, గోడల మందము చెప్పినారు. అంత గట్టి కోటలు ఎట్లు పడినవో చెప్పలేదేమండీ?" అని అడిగెను. అది మరియొకనాడు చెప్పెదమని మాట యిచ్చితిమి. ఇంతలో గంట కొట్టిరి. పిల్లలు వెడలిపోయిరి. ఆ మరియొకనాడు మాత్రము రాలేదు. పాఠ్యభాగములు ముగింపవలెనను తొందరలో ఆ ప్రశ్న మరుగునపడెను. ఆ బాలిక పదియవ తరగతి ముగించి పాఠశాల విడిచిపోయెను.

కిందటి మే నెలలో, ఇంగ్లండునందు యార్కు నగరమున వైద్యురాలుగా ఉన్న మా కుమార్తె యింటికి మేము పోయితిమి. సెలవు దొరికిన ఒక దినమున ఆమె మమ్ము సముద్రతీరమునకు తీసికొనిపోయి స్కార్బరో కోటను చూపించెను. ఆ కొండ యెక్కుచుండగా ఆ పాత ప్రశ్న మాకు జ్ఞప్తికి వచ్చినది. కావున ఆ కోటను చూచిన తీరును, అక్కడ దొరికిన సమాధానమును ఈ సంచికయందు వ్రాయుచున్నాము.

కోట యున్న చోటు

ఇంగ్లండు దేశపు ఈశాన్యభాగమున, ఉత్తరసముద్రపు ఒడ్డున స్కార్బరో పట్టణము కలదు. యార్కునుండి అక్కడికి సుమారు నలువదిరెండు మైళ్లు. 1845లో వేసిన రైలుదారిమీద గంటలోపలనే చేరితిమి. పట్టణమునకు నడుమ ఒక కొండ సముద్రములోనికి ముక్కువలె పొడుచుకొని యున్నది. దాని యెత్తు సుమారు 300 అడుగులు. ఉత్తరమున ఒక అఖాతము, దక్షిణమున ఒక అఖాతము. మూడు ప్రక్కలను నిట్టనిలువు చరియలు, వాని క్రింద సముద్రము. నాల్గవ ప్రక్క మాత్రమే పట్టణముతో కలిసియున్నది. కొండపైని మైదానము పదునారు ఎకరములు.

మన పూర్వులు దుర్గములను ఆరు విధములుగా విభజించిరి. చుట్టును ఎడారి యున్నది ధన్వదుర్గము, మట్టితోడను రాతితోడను కట్టినది మహీదుర్గము, నీరు చుట్టినది జలదుర్గము, అడవి కాచునది వృక్షదుర్గము, మనుష్యులు కాచునది నృదుర్గము, కొండమీదిది గిరిదుర్గము. వీనిలో గిరిదుర్గమే శ్రేష్ఠమని మనుస్మృతి చెప్పుచున్నది. స్కార్బరో చూచినప్పుడు అది గిరిదుర్గము, జలదుర్గము కూడ అగునని మాకు తోచినది. నృదుర్గము మాట ఆ క్షణమున మాకు తోచలేదు.

దక్షిణపు ఇసుకతీరము జనముతో నిండియుండెను. పిల్లలను ఎక్కించుకొని గాడిదలు వరుసగా నడుచుచుండెను. చిన్న చిన్న బాల్చీలతో తడియిసుక నింపి, బోర్లించి, బాలబాలికలు ఇసుకకోటలు కట్టుచుండిరి. కోట గల కొండకు సరిగా క్రిందనే ఈ యాట సాగుచుండెను. కొండచరియలయందు గూళ్లు కట్టుకొన్న సముద్రపక్షుల కేకలు పైనుండి వినబడుచుండెను.

సమాధిశిల

కోటకు పోవు దారిలో సెయింటు మేరీ దేవాలయము కలదు. దాని సమాధిస్థలమున ఆంగ్లకవయిత్రియు నవలారచయిత్రియు నగు ఆన్ బ్రాంటీ సమాధి యున్నది. ఆమె క్షయవ్యాధితో బాధపడుచు, సముద్రపు గాలిచే కొంత నెమ్మది కలుగునేమో యను ఆశతో ఇచ్చటికి వచ్చి, 1849 మే 28వ తేదీని మరణించెను. ఆమె పుట్టినది 1820 జనవరి 17వ తేదీని. లెక్క చూడగా ఆమె వయస్సు ఇరువదితొమ్మిది సంవత్సరములు. సమాధిశిలమీద ఇరువదియెనిమిది అని చెక్కిరి. రాతిమీద చెక్కినంత మాత్రమున మాట నిజము కానేరదని మేము మా మనుమనికి అక్కడనే చెప్పితిమి. చరిత్ర చదువువారు ఆ లెక్కను తామే వేసి చూచుకొనవలెను.

కోట పుట్టుక

ఈ కొండను కోటకు పూర్వమే జనులు ఎరుగుదురు. క్రీస్తునకు పూర్వము సుమారు ఎనిమిదివందల సంవత్సరముల నాడే ఇక్కడ ఇండ్లుండెనని త్రవ్వకములవలన తెలిసినది. క్రీ. శ. 370 ప్రాంతమున రోమనులు సముద్రపు దొంగలరాకను కనిపెట్టుటకై ఈ కొండ అంచున ఒక సంకేతస్థానము కట్టిరి. తీరము పొడుగునను ఇట్టివి మరికొన్ని ఉండెను. దాని పునాదులను నేటికిని చూడవచ్చును. చరియ విరిగిపడుటచే కొంతభాగము సముద్రములో కలిసిపోయినది. 1066లో నార్వే రాజు హెరాల్డు హార్డ్రాడా కొండపై పెద్ద మంట వేయించి, మండుచున్న కట్టెలను క్రింది యిండ్లమీదికి త్రోయించి పట్టణమును తగులబెట్టించెనని నార్వే గాథలలో ఉన్నది. కొండ యెవరి చేతిలో నున్న పట్టణము వారి చేతిలోనే యని దీనివలన తెలియుచున్నది.

1130వ సంవత్సరము తరువాతి దశాబ్దమున విలియం లె గ్రో అను ప్రభువు ఇచ్చట కోట ప్రారంభించెను. 1154లో రాజైన రెండవ హెన్రీ ప్రభువుల కోటలు పెక్కింటిని తన వశము చేసికొనెను. స్కార్బరో కూడ రాజుదయ్యెను. ఇప్పుడు కనబడు పెద్ద బురుజు 1159 మొదలు 1169 వరకు ఆయన కట్టించినది. దాని యెత్తు ఎనుబది అడుగులకు పైబడియున్నది. గోడల మందము పదునొకండడుగులకు మించినది. ఆయన కుమారుడగు జాను రాజు ఈ కోటకు 2,000 పౌండ్లకు పైగా వ్యయము చేసెను. తన కోటలలో మరి దేనికిని ఆయన అంత ధనము పెట్టలేదు. 1240 తరువాత ముందరి ద్వారమునకు రక్షణగా జంటబురుజులు కట్టిరి. నేటికిని యాత్రికుడు ఆ ద్వారముననే ప్రవేశించి, కందకముమీది వంతెన దాటి లోపలికి పోవలెను.

ఆ నీడలో పట్టణము పెరిగెను. 1253లో మూడవ హెన్రీ ఇచ్చిన శాసనముచే ప్రతిసంవత్సరము ఆగస్టు 15వ తేదీ మొదలు నలువదియైదు దినములు ఇక్కడ సంత సాగెను. సముద్రము దాటి వర్తకులు వచ్చిరి. ఇంత గట్టి కోట ఎట్లు పడెను? ఇక ఆ సంగతి చెప్పెదము.

1312: తప్పిన మాట

రెండవ ఎడ్వర్డు రాజునకు పియర్సు గావెస్టను అను స్నేహితుడుండెను. రాజు అతనికి మితిమీరిన గౌరవము లిచ్చుటచే తక్కిన ప్రభువులు ద్వేషించిరి. 1312 మే నెలలో రాజు అతనిని ఈ కోటలో నుంచి వెడలిపోగా, ప్రభువులు ముట్టడించిరి. గోడలు చెక్కుచెదరలేదు. కాని లోపల ఆహారము చాలలేదు. మే 19వ తేదీని గావెస్టను లొంగిపోయెను. అది షరతులమీది లొంగుబాటు. అతని ప్రాణమునకు హాని కలుగనీయమనియు, ఆగస్టు మొదటి తేదీలోగా సంధి కుదరనియెడల మరల కోటకు చేర్చెదమనియు ప్రభువులు ప్రమాణము చేసిరి. పెంబ్రోకు ప్రభువు తన భూములనే పూటబెట్టి మాట యిచ్చెను.

మూడు వారములు గడచెను. దక్షిణమునకు తీసికొనిపోవుచు, డెడింగ్టను అను గ్రామమున పెంబ్రోకు అతనిని విడిదిలో నుంచి, ఆ రాత్రి తాను వేరొకచోటికి పోయెను. జూన్ 10వ తేదీని వార్విక్ ప్రభువు దండుతో వచ్చి గావెస్టనును పట్టుకొనిపోయెను. జూన్ 19వ తేదీని ఒక కొండమీద అతనిని చంపించిరి. మాట యిచ్చినవాడు ఒకడు, మాట తప్పించినవాడు మరియొకడు. గావెస్టను మంచివాడా చెడ్డవాడా యన్నది ఇచ్చట ప్రశ్న కాదు. ప్రమాణము నమ్మి తలుపు తెరచినవాడు నెల తిరిగిన దినముననే ప్రాణము కోల్పోయెను. అటుపిమ్మట ముట్టడి పడిన ఏ మనుష్యుడు అట్టి ప్రమాణమును నమ్మును? పెంబ్రోకు తన గౌరవము పోయినదని దుఃఖించి ప్రభువుల కూటమి విడిచి రాజుపక్షము చేరెను. దేశమున అంతఃకలహము ముదిరెను.

1557: ఏమరుపాటు, 1645: ముట్టడి

1557 ఏప్రిలులో థామస్ స్టాఫర్డు అనువాడు ఫ్రాన్సునుండి కొద్దిమందితో ఓడమీద వచ్చి, మేరీ రాణికి వ్యతిరేకముగా తిరుగుబాటు ప్రకటించి, ఈ కోటను పట్టుకొనెను. ఇన్ని వేల పౌండ్ల గోడలు ఆ దినమున కాపు లేనందున నిరుపయోగములయ్యెను. మూడు నాళ్లకే ప్రభుత్వసేనలు కోటను మరల పట్టుకొనెను. స్టాఫర్డునకు మే నెలలో మరణశిక్ష అమలు జరిగెను.

తరువాత చార్లెసు రాజునకును పార్లమెంటునకును యుద్ధము జరిగెను. పార్లమెంటువారు సర్ హ్యూ ఛొమ్లీ అను వానిని నమ్మి కోటను అప్పగించిరి. 1643 మార్చిలో అతడు రాజుపక్షము చేరెను. కోట పక్షము మారినది. ఒక్క గుండైనను ప్రేలలేదు. 1645 ఫిబ్రవరిలో పార్లమెంటు సేనలు పట్టణమును గైకొని కోటను ముట్టడించెను. మేము దాటివచ్చిన ఆ సెయింటు మేరీ దేవాలయముననే పెద్ద ఫిరంగిని నిలిపిరి. దాని గుండు సుమారు అరువది పౌనుల బరువు. మూడు దినములలో పెద్ద బురుజు పడమటిగోడ కూలెను. కోటనుండి ప్రేల్చిన గుండ్లచే దేవాలయపు తూర్పుభాగము నేలమట్టమయ్యెను.

పాఠకులు ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. గోడ కూలినను కోట పడలేదు. లోపలివారు ఆ కూలిన రాళ్లనే అడ్డముగా చేసికొని పోరాడిరి. ముట్టడి నడిపిన సర్ జాన్ మెల్డ్రం గాయపడి చనిపోయెను. ఛొమ్లీ భార్య ఎలిజబెత్ కోట విడువక రోగులకు పరిచర్య చేసెను. చివరకు వారిని గెలిచినది ఫిరంగి కాదు. నీరు, మందుగుండు, ఆహారము తరిగిపోయెను. పచ్చికూరలు, పండ్లు లేనందున స్కర్వీ యను వ్యాధి వ్యాపించెను. 'సి' విటమిను లోపముచే చిగుళ్లు వాచి, నెత్తురు కారి, కాలుసేతులు స్వాధీనము తప్పు వ్యాధి ఇది. జూలై నెలలో వారు లొంగిపోయిరి. నడచిరాలేని పెక్కుమందిని మోసికొని రావలసివచ్చెను. సుమారు మూడు సంవత్సరములకు, 1648లో, పార్లమెంటు నియమించిన మరియొక కోటయధిపతియు పక్షము మార్చెను. రెండవ ముట్టడి జరిగెను.

ఆ విరిగిన బురుజు ముందర మేము చాలసేపు నిలిచితిమి. మూడు గోడలు ఆకాశమునకు లేచియున్నవి; నాల్గవ ప్రక్క ఖాళీ. ఆ ఖాళీనుండి దేవాలయపు గోపురము తిన్నగా కనబడుచున్నది.

ప్రమాణము చేయనొల్లని ఖైదీ

1665లో ఈ కోటకు ఒక ఖైదీని తెచ్చిరి. ఆయన పేరు జార్జి ఫాక్సు. క్వేకరులు అను క్రైస్తవశాఖ స్థాపకుడు. రాజభక్తి ప్రమాణము చేయుమని న్యాయస్థానమున ఆజ్ఞాపింపగా ఆయన నిరాకరించెను. ఆయన రాజద్రోహి కాడు. ఔననిన ఔను, కాదనిన కాదు అయియుండవలెననియు, సత్యము పలుకువానికి ఒట్టు అక్కరలేదనియు ఆయన నమ్మకము. సముద్రపుగాలియు వర్షమును లోనికి కొట్టు గదిలో ఆయనను ఉంచిరి. పడకయు బట్టలును తడిసెను. వేళ్లు వాచెను. ఒక సంవత్సరమునకు పైగా ఆయన ఆ స్థితిలో నుండెను. ఒక్క ప్రమాణవాక్యము పలికినచో వెలుపలికి పోవచ్చును. ఆయన పలుకలేదు. తుదకు 1666 సెప్టెంబరు 1వ తేదీని విడుదల చేసిరి. కోటయధిపతి అటుపిమ్మట ఆయనకు మిత్రుడయ్యెను.

ఆ గోడల నడుమ నిలిచి మేము ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూచితిమి. ఒకరు గట్టిగా ప్రమాణము చేసిరి. ఆ ప్రమాణము ఇరువదిరెండు దినములు మాత్రమే నిలిచెను. మరియొకరు ప్రమాణమే చేయలేదు. ఆయన మాట చలిలో, తడిలో సంవత్సరమునకు పైగా నిలిచెను.

1914: దేశముల మాట

కాలము మారెను. 1626 ప్రాంతమున థామసిన్ ఫారర్ అను నామె దక్షిణపు చరియ క్రింద రాళ్లను ఎరుపెక్కించు ఒక ఊటను గమనించెను. దాని నీరు ఆరోగ్యకరమని పేరు వచ్చుటచే రోగులు, శ్రీమంతులు రాసాగిరి. 1660లో రాబర్టు విట్టీ అను వైద్యుడు ఆ నీటినిగూర్చి గ్రంథము వ్రాసెను. 1735 నాటి చిత్రములో జనులు ఇక్కడ సముద్రస్నానము చేయుట కనబడుచున్నది. 1867లో గ్రాండ్ హోటలు తెరచిరి. రైలు వచ్చిన తరువాత కర్మాగారముల కూలీలును పిల్లలతో వచ్చి ఒక దినము సముద్రము చూచి పోగలిగిరి. కోట పాడుపడెను, పట్టణము విహారస్థలమయ్యెను.

1907లో హేగ్ నగరమున దేశముల ప్రతినిధులు కూడి, రక్షణ లేని రేవులను పట్టణములను యుద్ధనౌకలు ఫిరంగులతో కొట్టరాదని ఒడంబడిక చేసికొనిరి. ఏడు సంవత్సరములు గడచెను. 1914 డిసెంబరు 16వ తేదీని ఉదయము ఎనిమిది గంటలకు, మంచులోనుండి రెండు జర్మను యుద్ధనౌకలు వెలువడి స్కార్బరోమీద సుమారు అయిదువందల గుండ్లు ప్రేల్చెను. 1746లో కోటలో కట్టిన సైనికశాల శిథిలమయ్యెను. పెద్ద బురుజునకును దెబ్బలు తగిలెను. పదునేడుగురికి తక్కువ కాకుండ పట్టణవాసులు చనిపోయిరి. వారిలో ఒక పసిబిడ్డ యుండెను. ఆ దినముననే సమీపమునందలి హార్టిల్‌పూల్, విట్బీ పట్టణములను కూడ కొట్టిరి. కాగితముమీది మాట ఆ బిడ్డను కాపాడలేదు. ఎందుకనగా, మాట వ్రాసినవారు దానిని నిలుపుకొనుట యందు వ్రాసినంత శ్రద్ధ వహింపరైరి.

బాలికకు సమాధానము

ఇప్పుడు ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలము. స్కార్బరో కోట 1312లో ఆకలికి తలుపు తెరచెను. తలుపు తెరచినవాని ప్రాణము తీసినది మాటతప్పుట. 1557లో ఏమరుపాటుచే పట్టుబడెను. 1643లోను 1648లోను కాపున్నవాడు మనస్సు మార్చుటచే పక్షము మారెను. 1645లో గోడ కూలినను పడక, రోగముచే పడెను. శత్రువు కేవలము గోడ బద్దలుకొట్టి పట్టుకొన్న ముట్టడి వీనిలో ఒక్కటియు లేదు. మనుస్మృతి గిరిదుర్గమే శ్రేష్ఠమన్నది. కాని కొండమీద నిలిచి చూడగా, నృదుర్గము లేని గిరిదుర్గము ఉత్తరాళ్లేయని మాకు తోచినది. ధాన్యము నిలువచేయువాడు, రోగికి నీరిచ్చు నామె, రాత్రి మేలుకొనియుండు కాపరి, ఇచ్చిన మాటకు కట్టుబడు ప్రభువు, వీరే అసలు గోడలు. ఇట్లనుటచే రాతిగోడ నిరర్థకమని మా భావము కాదు. గోడ కొంత వ్యవధి నిచ్చును. ఆ వ్యవధిలో ఏమి చేయుదురో అది లోపలి మనుష్యులమీద ఆధారపడి యుండును.

మేము దిగివచ్చునప్పటికి సాయంకాలమయ్యెను. పోటు వచ్చి ఇసుకకోటలు ఒక్కొక్కటిగా కరిగిపోవుచుండెను. ఒక చిన్నవాడు తన కోట చుట్టును కందకము త్రవ్వుచు, అల వచ్చినప్పుడెల్ల పరుగెత్తుకొని పోయి మరల ఇసుక పోయుచుండెను. తల్లి పిలిచెను. "ఇదిగో వచ్చుచున్నాను" అని పలికి, బాల్చీ తీసికొని వాడు వెంటనే వెళ్లిపోయెను. కోట కరిగిపోయినది. వాడు తల్లితో అన్న మాట మాత్రము నిలిచినదని మేము నవ్వుకొంటిమి.

మా మాటయో, రెండు సంవత్సరములు ఆలస్యమైనది. పిల్లలకు ఇచ్చిన మాట చిన్నదని తలచి మరచుట ఉపాధ్యాయులకు సులభము. పిల్లలు దానిని అంత సులభముగా మరవరు. మా పాఠశాలలో చదివి వెళ్లినవారికి కూడ ఈ సంచికను పంపుదుము గనుక, ప్రశ్న అడిగిన ఆ బాలిక చేతికి ఇది చేరునని నమ్ముచున్నాము. అమ్మాయీ, నీవు అడిగినది మంచి ప్రశ్న. ఆనాడే చెప్పవలసిన జవాబు ఇది.